ఐసీడీ-9 కోడ్లను ఐసీడీ-10లోకి మార్చడం ఎలా: తుంటి ఎముక విరిగిన కేసులతో చూద్దాం

మీ దగ్గర 2012 నుంచి 2019 దాకా అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ డేటా ఉంది, అందులో తుంటి ఎముక విరిగి చేరినవాళ్లు ఏటా ఎంతమందో లెక్క తీయాలి అనుకుందాం. ఐసీడీ అంటే ప్రతి జబ్బుకీ, గాయానికీ ఒక కోడ్ ఇచ్చే అంతర్జాతీయ జాబితా, సీఎం అంటే దాని అమెరికా వెర్షన్. 2015 సెప్టెంబర్ 30 దాకా ఐసీడీ-9-సీఎం కోడ్లు, అక్టోబర్ 1 నుంచి ఐసీడీ-10-సీఎం కోడ్లు. ఇన్‌పేషెంట్లకు చూడాల్సింది డిశ్చార్జ్ తేదీ. సెప్టెంబర్ 28న చేరి అక్టోబర్ 3న ఇంటికెళ్లిన మనిషి కొత్త కోడ్లలోనే ఉంటాడు, అడ్మిషన్ తేదీ పట్టుకుని వెతికితే దొరకడు. ఓపీ అయితే చూపించుకున్న రోజే లెక్క.

ఈ పనికి అందరూ ముందు డౌన్‌లోడ్ చేసేది జెమ్స్ ఫైళ్లు, అంటే ఒక వెర్షన్ కోడ్‌కి ఇంకో వెర్షన్‌లో ఏ కోడ్ సరిపోతుందో చూపే పట్టికలు. అక్కడి ప్రభుత్వ సంస్థలు సీఎంఎస్, ఎన్‌సీహెచ్‌ఎస్ తయారుచేసినవి, ఉచితం. పాతవాటి నుంచి కొత్తవాటికి ఒక ఫైలు, కొత్తవాటి నుంచి పాతవాటికి ఇంకొకటి. దయచేసి రెండూ తీసుకోండి, ఎందుకంటే మొదటిదాన్ని తిరగేస్తే రెండోది రాదు.

ఒక్క కోడ్ తీసుకుని చూడండి. 820.21 అంటే తుంటి దగ్గర తొడ ఎముక ఇంటర్‌ట్రొకాంటరిక్ భాగంలో (పైనున్న రెండు బొడిపెల మధ్య) విరగడం, చర్మం చీలకుండా. మొదటి ఫైల్లో దీని ఎదురుగా ఎస్72.143ఏ ఉంటుంది, అంటే ఎముక పక్కకి జరిగింది కానీ ఏ కాలో రాయలేదు అని. కానీ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి ఆపరేషన్ చేసినవాళ్లకు ఏ కాలో తెలియకుండా ఉంటుందా? కోడర్, అంటే రికార్డు చూసి కోడ్లు వేసే ఉద్యోగి, కుడి కాలికి ఎస్72.141ఏ, ఎడమ కాలికి ఎస్72.142ఏ వేస్తారు. మీరు మొదటి ఫైలు ఒక్కటే నమ్ముకుంటే వీళ్లంతా జారిపోతారు, అక్టోబర్ నుంచి అమెరికాలో ముసలివాళ్లు కింద పడటం మానేసినట్టు గ్రాఫ్ వస్తుంది. అందుకని రెండో ఫైలు తెరిచి, 820.21కి దారితీసే కొత్త కోడ్లన్నీ ఏరండి. కుడి, ఎడమ, ఎముక జరగనివి, అన్నీ వస్తాయి. రెండు జాబితాలూ కలిపి, డూప్లికేట్లు తీసేసి, ఒక ఆర్థోపెడిక్ డాక్టర్‌తో కూర్చుని ప్రతి లైనూ చదివించండి. ఈ మెట్టు మాత్రం ఎగ్గొట్టొద్దు. చివరి అక్షరం కూడా చూడాలి: ఏ అంటే చికిత్స నడుస్తున్న దశ, డీ అంటే మానుతున్నప్పుడు ఫాలోఅప్‌కి వచ్చినది. డీ ఉన్నవాటిని కొత్త కేసులుగా లెక్కేస్తే ఒకే మనిషి నాలుగైదుసార్లు ఎముక విరగ్గొట్టుకున్నట్టవుతుంది.

ప్రతి లైను చివర ఐదంకెల ఫ్లాగ్ ఉంటుంది. మొదటి అంకె 1 అయితే మ్యాచ్ సుమారుగానే కుదిరిందని. రెండోది 1 అయితే అసలు జోడీయే లేదని. మూడోది 1 అయితే ఆగండి, ఒక్క కోడ్ చాలదు, రెండు మూడు కలిపితేనే అర్థం పూర్తవుతుంది. గుండె రక్తనాళాల్లో పూడికతో పాటు అన్‌స్టేబుల్ యాంజైనా (విశ్రాంతిలో ఉన్నా రాగల గుండెనొప్పి) ఉందని చెప్పే ఐ25.110ని వెనక్కి మారిస్తే 414.01, 411.1 రెండూ కావాలి. మొదటి లైను మాత్రమే తీసుకునే ప్రోగ్రామ్ రాస్తే యాంజైనా మాయమైపోతుంది.

ఇక ఎక్సెల్. జెమ్స్ ఫైళ్లలో చుక్కలు ఉండవు, 008.45 కాస్తా 00845గా ఉంటుంది, అది సి. డిఫిసైల్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే పేగు ఇన్ఫెక్షన్. నేను ఒకసారి ఆ ఫైలుని నేరుగా ఎక్సెల్‌లో తెరిచాను, ముందున్న సున్నాలు పోయి 845 మిగిలింది, అది చీలమండ, పాదం బెణుకుల విభాగం. రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాక గానీ దొరకలేదు. కోడ్ కాలమ్‌ని ఎప్పుడూ టెక్స్ట్‌గానే చదవండి. ఏ కోడ్ ఏ వెర్షనో చెప్పే కాలమ్ కూడా పక్కనే పెట్టుకోండి, ఎందుకంటే చుక్క లేని ఈ8801 పాత పుస్తకంలో ఫుట్‌పాత్ అంచు మీంచి పడటం, కొత్తదాంట్లో ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపం అనే జన్యు జబ్బు.

కొన్నిచోట్ల కోడ్ కాదు, జబ్బు నిర్వచనమే మారింది. గుండెపోటుని ఐసీడీ-9లో 8 వారాల దాకా అక్యూట్‌గా, అంటే తాజాగా వచ్చినదిగా చూసేవాళ్లు, ఐసీడీ-10లో 4 వారాలే. ఆరో వారంలో వచ్చిన పేషెంట్ విషయంలో ఏ టేబులూ మీకు సాయపడదు, మీ పరిశోధన పేపర్లో ఆ మాట స్పష్టంగా రాయాల్సిందే.

జాబితా తయారయ్యాక నెలవారీ లెక్కలు 2014 నుంచి 2016 దాకా గ్రాఫ్ గీయండి. అక్టోబర్ 2015 దగ్గర మెట్టులా పైకి గానీ కిందికి గానీ దూకితే, ఆ నెలకి అటూ ఇటూ ఏ కోడ్లు ఎక్కువ కనిపిస్తున్నాయో విడివిడిగా లెక్కపెట్టండి, లోపం చాలావరకు రెండు మూడు కోడ్ల దగ్గరే బయటపడుతుంది.

ఇంకో మాట, మన దేశంలో మరణ కారణాల నమోదుకి వాడే ఐసీడీ-10 డబ్ల్యూహెచ్‌ఓది, దానికి ఈ సీఎం ఫైళ్లు వాడొద్దు. అమెరికా డేటాకైనా జెమ్స్ 2018తో ఆగిపోయింది, ఆ తర్వాత చేరిన కోడ్లను ఏటా వచ్చే కొత్త జాబితా చూసి చేత్తో కలుపుకోవాలి.