పొద్దున స్టార్టవని పాత డీజిల్ జీపు: పంపు విప్పేముందు గాలి చూడండి

ఉదయగిరి, కనిగిరి వైపు రాళ్ల దారుల్లో తిరిగే పాత డీజిల్ జీపు పొద్దున సెల్ఫు ఎంత కొట్టినా అందుకోకపోతే, వెంటనే ఇంజనుకు డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు విప్పించొద్దు. తప్పు చాలాసార్లు ట్యాంకుకీ, దాన్నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపుకీ మధ్య పైపులోనే ఉంటుంది. అక్కడ పంపు పీలుస్తుంది కాబట్టి, బండి నడిచేటప్పుడు పగుల్లోంచి డీజిల్ కారదు, గాలి లోపలికి పోతుంది, ఆ గాలే బండిని అందుకోనివ్వదు. తడి కనపడదు, మోసపోయేది ఇక్కడే.

ఫిల్టరు నుంచి ఇంజెక్షన్ పంపుకు పోయే చోట, డీజిల్‌కు తట్టుకునే, లోపల కనపడే తెల్ల గొట్టం ఒక అడుగు వేసి, పైపుల్లోని గాలి తీసి స్టార్టు చేయండి. సన్నటి బుడగలు ఆగకుండా పోతుంటే గాలి పడుతున్నట్టే.

ఇప్పుడు 5 లీటర్ల క్యానులో శుభ్రమైన డీజిల్ పోసి, కొత్త గొట్టంతో ఫీడ్ పంపుకు నేరుగా ఇవ్వండి. క్యాను నేల మీదే ఉండాలి. పైకెత్తితే డీజిల్ తనంతట దిగి తప్పును దాచేస్తుంది. బుడగలు ఆగాయా, ట్యాంకు వైపు చూడండి: క్లిప్పు కింద చీలిన రబ్బరు, లేదా ట్యాంకులో తుప్పుపట్టి చిల్లిపడ్డ గొట్టం. ఆగలేదా, తప్పు ఫీడ్ పంపు వైపే: పైపులు బిగించే బోల్టుల రాగి వాషర్లు, ఫిల్టరు రబ్బరు రింగు మార్చండి. పాత వాషరే మళ్లీ బిగిస్తే మళ్లీ గాలే.

ఇంజెక్షన్ పంపు నుంచి ఇంజనుకు పోయే ఇంజెక్టరు పైపులు మాత్రం ఇంజను నడుస్తుండగా చేత్తో తడమొద్దు, ఆ ప్రెషరుకు డీజిల్ చర్మంలోకి దూరుతుంది.