ముసలి కుక్కకి మోషన్ రాకపోతే ఏం చేయాలి?

వయసు మళ్లిన కుక్క రోజూ వెళ్లే చోటికే వెళ్లి, వంగి, ముక్కి, ఏమీ రాకుండానే లేచి, నాలుగడుగులు వేసి మళ్లీ వంగుతుంటే చూడలేం. వెంటనే ఏదో ఒక మందు పోసెయ్యాలనిపిస్తుంది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ముసలి కుక్కల్లో మలబద్ధకానికి చాలాసార్లు అసలు కారణం ఒంట్లో నీళ్లు తగ్గడమో, వంగి కూర్చోవాలంటే కీళ్లు నొప్పి పుట్టడమో అయి ఉంటుంది. ఈ రెండూ చూడకుండా విరేచనాల మందు ఇస్తే ఆ పూటకి గడిచినా సమస్య మళ్లీ తిరిగొస్తుంది.

1. ముందు ఇది మలబద్ధకమేనా అని తేల్చుకోండి

కుక్క ముక్కుతోంది అనగానే మలబద్ధకం అనుకుంటాం. కానీ మూత్రం అడ్డుపడినా కుక్క అచ్చం అలాగే వంగి ముక్కుతుంది, పెద్దపేగు వాచి విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా ఏమీ రాకపోయినా ముక్కుతూనే ఉంటుంది. అందుకే పక్కనే నిలబడి చూడండి. మూత్రం ధారగా వస్తోందా? చుక్కలు చుక్కలుగా వస్తున్నా, అసలు రాకపోయినా ఇక్కడితో చదవడం ఆపేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, అది గంటల్లో ప్రాణం మీదికి వచ్చే విషయం. జిగురుతో కొంచెం కొంచెంగా పల్చగా వస్తుంటే అది పేగు వాపు కావచ్చు, లేదా లోపల గట్టిపడ్డ మలం పక్కనుంచి నీరు జారడం కావచ్చు. ఈ రెండింటినీ ఇంట్లో తేడా పట్టడం కష్టం, డాక్టర్ చేత్తో చూసి చెప్పాల్సిందే.

చిన్న చిన్న ఉండల్లా, గట్టిగా, పొడిగా వస్తుంటే మాత్రం మలబద్ధకమే. చాలా కుక్కలు రోజుకి ఒకటి రెండు సార్లు వెళ్తాయి. ఒక రోజు వెళ్లకపోయినా బాగా తింటూ, హుషారుగా ఉంటే టెన్షన్ పడక్కర్లేదు, కింద చెప్పినవి మొదలుపెట్టండి. రెండు రోజులు, అంటే 48 గంటలు దాటితే ఇంటి వైద్యం ఆపి చూపించాలి.

ఆ 48 గంటలు కూడా ఆగకూడని సందర్భాలు ఉన్నాయి: వాంతులు, తిండి మానేయడం, పొట్ట ఉబ్బి గట్టిగా ఉండటం, ముక్కినప్పుడు ఏడవడం, రక్తం పడటం, లేవలేనంత నీరసం, ఎముకో గుడ్డ పేలికో బొమ్మ ముక్కో మింగిందని అనుమానం. మలద్వారం నుంచి దారంలాంటిది వేలాడుతుంటే లాగొద్దు, లోపల పేగుని కోసేయగలదు. కిడ్నీ, గుండె, షుగర్ జబ్బులున్న కుక్కకి ఏది పెట్టాలన్నా ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి.

2. తోక ఎత్తి చూడండి

ఇది చాలామంది వదిలేసే పని. జుట్టు ఎక్కువున్న కుక్కల్లో మలద్వారం చుట్టూ వెంట్రుకలు, ఎండిన మలం కలిసి అట్టకట్టి దారినే మూసేస్తాయి. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డతో కాసేపు నానబెట్టి, ట్రిమ్మర్‌తో మెల్లగా తీయండి. అక్కడ కత్తెర వాడొద్దు, చర్మం చాలా పల్చగా ఉంటుంది.

మలద్వారానికి పక్కన ఉబ్బు కనిపిస్తే అది హెర్నియా (కండరం బలహీనపడి లోపలి భాగం బయటికి ఉబ్బడం) కావచ్చు, ముఖ్యంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ముసలి మగ కుక్కల్లో. అదే కుక్కల్లో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి పేగుని పైకి నొక్కుతుంది, అప్పుడు మలం రిబ్బన్‌లా చదునుగా వస్తుంది. పిర్రలు నేలకేసి రాస్తూ, అదే పనిగా నాకుతుంటే మలద్వారం పక్కనుండే గ్రంథులు నిండిపోయి ఉండొచ్చు. వీటిలో ఏదీ ఇంటి వైద్యంతో తగ్గేది కాదు, డాక్టర్ చూడాలి. వేలు పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం లాంటివి అస్సలు వద్దు.

3. నీళ్లు పెంచండి

మలం పెద్దపేగులో ఎంతసేపు ఆగితే పేగు అంత నీటిని పీల్చేసుకుంటుంది. ఆగేకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడేకొద్దీ రావడం కష్టమవుతుంది. కుక్కకి తిండిలోదీ తాగేదీ కలిపి రోజుకి సుమారుగా కిలో బరువుకి 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీరు కావాలి, పది కిలోల కుక్కకైతే అర లీటరు పైమాటే. పొడి గింజల తిండిలో నీరు దాదాపు 10 శాతమే, డబ్బాలో వచ్చే తడి తిండిలో 75 శాతం దాకా ఉంటుంది. కాబట్టి తిండి మార్చకుండానే చేయగలిగిన సులువైన పని, పొడి తిండిలో గోరువెచ్చని నీళ్లు పోసి పది పదిహేను నిమిషాలు నానబెట్టి పెట్టడం. పళ్లు నొప్పి ఉన్న ముసలి కుక్కకి ఇది తినడానికి కూడా హాయిగా ఉంటుంది.

నీళ్ల గిన్నె ఒక్కచోటే పెట్టొద్దు. లేవడానికే బద్ధకించే కుక్క వంటింటి దాకా నడిచి వెళ్లదు, దాహం వేసినా పడుకునే ఉంటుంది. పడక పక్కన ఒకటి, తలుపు దగ్గర ఒకటి పెట్టండి, మెడ నొప్పి ఉంటే గిన్నెని కొంచెం ఎత్తు మీద పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వేయకుండా మాంసం ఉడికించిన నీళ్లు కొంచెం కలిపితే ఇష్టంగా తాగుతాయి. ఇంకో మాట, మీరేమీ చేయకుండానే కుక్క ఈ మధ్య విపరీతంగా నీళ్లు తాగుతూ కూడా మలబద్ధకంతో ఉంటే కిడ్నీ జబ్బో షుగరో ఉండొచ్చు, రక్తపరీక్ష చేయించాలి.

4. పీచు కొంచెం, జాగ్రత్తగా

తొక్క, గింజలు తీసి ఉడికించి మెత్తగా చేసిన గుమ్మడికాయ చాలా కుక్కలకి పనిచేస్తుంది. చక్కెర, మసాలా ఏవీ వద్దు. చిన్న కుక్కకి ఒక టీ స్పూను, పెద్ద కుక్కకి ఒకటి రెండు టేబుల్ స్పూన్లు తిండిలో కలపండి. ఇసబ్‌గోల్ పొట్టు కూడా వాడొచ్చు, చిన్న కుక్కకి అర టీ స్పూను చాలు, నీళ్లలో బాగా నానాక తడి తిండిలో కలిపి పెట్టాలి. ఈ రెండూ ఒకేసారి మొదలుపెట్టొద్దు, ఏది పనిచేసిందో ఏది పడలేదో తెలియదు.

అన్ని కుక్కలకీ పీచు మంచిది కాదు. ఒంట్లో నీళ్లు తగ్గిన కుక్కకి, లోపల ఇప్పటికే గట్టిగా అడ్డుపడిపోయిన కుక్కకి పీచు పెడితే అడ్డం ఇంకా పెద్దదవుతుంది. అందుకే నీళ్ల సంగతి ముందు చెప్పాను.

5. నడక, కీళ్లు

నా ఉద్దేశంలో అసలు సంగతి ఇక్కడే ఉంది. మోషన్‌కి వెళ్లాలంటే కుక్క నడుము వంచి, వెనక కాళ్లు మడిచి, ఆ భంగిమలో కాసేపు ఆగాలి. తుంటిలో, మోకాళ్లలో, వెన్నులో నొప్పి ఉంటే అంతసేపు ఆగలేదు. సగంలోనే లేచేస్తుంది, లేదా నడుస్తూ నడుస్తూ కొంచెం వదులుతుంది. మిగిలింది లోపలే ఎండుతుంది, మర్నాడు ఇంకా నొప్పి, దాంతో ఇంకా వాయిదా వేస్తుంది. మీ కుక్క మెట్లెక్కడానికి వెనకాడుతోందా, లేచేటప్పుడు తడబడుతోందా, సోఫా ఎక్కడం మానేసిందా? అయితే మలబద్ధకంతో పాటు కీళ్ల నొప్పి గురించి కూడా డాక్టర్‌తో మాట్లాడండి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా ఇవ్వకండి. ఐబుప్రొఫెన్ కుక్కలకి కడుపులో పుండ్లు చేసి, కిడ్నీలని దెబ్బతీస్తుంది.

తిన్న తర్వాత పెద్దపేగు సహజంగానే కదులుతుంది, కాబట్టి తిన్న పావుగంట అరగంటకి బయటికి తీసుకెళ్లండి. ఒక్కసారే దూరం నడిపించే కంటే రోజుకి మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెం నడిపించడం మేలు. జారని, సమంగా ఉన్న నేల చూసుకోండి, ఇంట్లో పాలిష్ బండలుంటే అది నడిచే దారిలో చాపలు పరవండి. వెనక కాళ్లు వణుకుతుంటే పొట్ట కింద, వెనక కాళ్లకి ముందు భాగంలో మెత్తటి టవల్ వేసి రెండు కొసలూ పైకి పట్టుకుని బరువు కొంచెం మోయండి, మగ కుక్కకైతే మూత్రానికి అడ్డం పడకుండా సర్దండి. అన్నిటికంటే ముఖ్యం, తొందరపెట్టొద్దు. గొలుసు వదులుగా పట్టుకుని నిలబడండి, వాసన చూసుకుంటూ తిరగనివ్వండి. చూపు మందగించిన కుక్కని రోజూ అదే చోటికి తీసుకెళ్తే దానికి ధైర్యంగా ఉంటుంది.

6. ఇవి మాత్రం వద్దు

మనుషుల విరేచనాల మాత్రలు, సిరప్‌లు డాక్టర్ చెప్పకుండా ఇవ్వొద్దు. షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనీమాలు (మలద్వారం గుండా ఎక్కించే మందు) చిన్న కుక్కల ప్రాణం తీయగలవు, రక్తంలో ఫాస్ఫేట్ పెరిగి కాల్షియం ఒక్కసారిగా పడిపోతుంది. లిక్విడ్ పారఫిన్ నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి జారి నిమోనియా రావచ్చు. మనకి మలబద్ధకం వస్తే ఎండుద్రాక్ష తింటాం కాబట్టి కుక్కకీ పెడదామనిపిస్తుంది, అది కుక్క కిడ్నీలని పాడుచేస్తుంది, ఒక్కటి కూడా వద్దు. జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) కలిపిన తీపి మందులు, తిండ్లు కుక్కలకి విషం. నూనె, కొవ్వు ఎక్కువ పోస్తే క్లోమం వాచే ప్రమాదం ఉంది.

7. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

చివరిసారి ఎప్పుడు వెళ్లింది, ఎలా వచ్చింది (ఫోటో తీసి చూపించండి, సిగ్గుపడక్కర్లేదు), ఏం తింది, ఏ మందులు వాడుతోంది, ఇవన్నీ రాసుకుని వెళ్లండి. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, మూత్రం ఎక్కువ పోయించే మందులు, ఐరన్, అలర్జీ మాత్రలు, కొన్ని యాసిడిటీ మందులు కూడా మలబద్ధకం తెస్తాయి. మీ అంతట మీరు వాటిని ఆపేయకుండా డాక్టర్‌నే అడగండి.

డాక్టర్ పొట్ట నొక్కి, వేలితో లోపల పరీక్షించి, అవసరమైతే ఎక్స్‌రే తీస్తారు. ఒంట్లో నీళ్లు తగ్గితే సెలైన్ పెడతారు, గట్టిగా అడ్డుపడి ఉంటే ఎనీమా ఇస్తారు, మరీ ముదిరితే మత్తు ఇచ్చి చేత్తో తీయాల్సి వస్తుంది. తర్వాత ఇంటికి మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ రాస్తే ఒక పూటకే ఫలితం రాలేదని డోసు పెంచొద్దు, పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. విరేచనాలు పల్చబడితే ఫోన్ చేసి డోసు తగ్గించమని అడగండి. ఎందుకంటే ముసలి కుక్క విరేచనాల వల్ల నీరు కోల్పోతే, మందు ఆపాక మళ్లీ గట్టిపడటం ఖాయం. కొన్ని వారాల పాటు క్యాలెండర్ మీద రోజూ ఎన్నిసార్లు వెళ్లింది, గట్టిగానా మెత్తగానా అని గుర్తు పెట్టండి. వరసగా గట్టిగా వస్తున్నట్టు కనిపిస్తే 48 గంటల దాకా ఆగకుండా ముందే ఫోన్ చేయొచ్చు.