కడపలో కూర్చుని ఉస్మాన్ సెంబెన్ సినిమాలు ఎలా చూడాలి

ఆఫ్రికా సినిమా అంటే అవార్డు సినిమా, మనకు ఎక్కదు అనుకునే స్నేహితులకు సెనెగల్ దర్శకుడు సెంబెన్‌ను చూపించాలంటే, దయచేసి వలస పాలన చరిత్ర మీద ఉపన్యాసంతో మొదలుపెట్టకండి. నేరుగా జట్కాబండి కథ వేయండి.

అది 1963లో తీసిన 'బొరోమ్ సరెత్', ఇరవై నిమిషాలే. సెనెగల్ రాజధాని డాకర్‌లో బండి తోలుకునే ఒక పేదవాడి ఒక రోజు. ఫ్రాన్స్ పాలన నుంచి ఈ పశ్చిమాఫ్రికా దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1960లో, కానీ తెల్లవాళ్లు కట్టుకున్న ప్లాటో అనే పేటలోకి జట్కాలు ఇంకా రాకూడదు. సూటు వేసుకున్న పెద్దమనిషి బతిమాలితే ఇతను పోతాడు, పోలీసు ఆపుతాడు, కింద పడిన ఇతని పతకం మీద బూటు పెడతాడు. ఆ పోలీసూ నల్లవాడే, అది అందరూ గమనించారో లేదో అడగండి. దొరలు పోయినా వాళ్లు గీసిన గీత పోలేదని సెంబెన్ జీవితాంతం చెప్పిన మాట ఈ ఒక్క సీన్‌లోనే ఉంది.

రెండోది 1966 నాటి 'లా న్వార్ ద', గంట సినిమా. దీన్ని మాత్రం తొందరపడకుండా చూడండి. మన రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయిన ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారు, సెలవు మీద వచ్చిన అక్క ఎవరైనా ఉంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి, ఆమెకు తెలిసినంత ఏ విమర్శకుడికీ తెలియదు. పిల్లల్ని చూసుకోవడానికని డాకర్ నుంచి ఫ్రాన్స్‌లోని ఆంటీబ్‌కు తీసుకెళ్లిన డియువానాతో వంట, ఊడ్పు, అంట్లు, అన్నీ చేయిస్తారు. ఇంటి దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది, ఆమెకు చదవడం రాదు. అయ్యగారే చదివి, జవాబు కూడా ఆమె తరఫున ఆయనే రాయడం మొదలుపెడతాడు. అక్కడ ఒక్క నిమిషం ఆపండి. ఆమె మొహం చూడండి, తర్వాత ఆమె ఆ ఉత్తరాన్ని ఏం చేస్తుందో చూడండి. యజమానులకు ఆమె ఇచ్చిన కొయ్య మాస్కు ఏ సీన్‌లో ఎవరి చేతిలో, ఏ గోడ మీద ఉందో కూడా కనిపెడుతూ ఉండండి, కథ సగం దానిదే. చివర ఆత్మహత్య ఉంది, ముందే చెప్పి కూర్చోబెట్టడం మంచిది.

సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో ఉంటాయి. ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఒకరు తెలుగులో గట్టిగా చెబుతూ పోతే చాలు, మాటల్లేని చోట మాత్రం నోరు మెదపొద్దు.

ఇప్పుడు ఆయన గురించి చెప్పండి, ఇప్పుడైతే వింటారు. 1923లో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో హమాలీగా బతుకుతూ నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడు. అయితే అవి ఫ్రెంచిలో ఉన్నాయి, తన జనంలో ఎక్కువమందికి చదువు రాదు. అందుకే నలభైకి దగ్గరపడ్డాక మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్నాడు. 1968లో 'మండబి'ని సెనెగల్ జనం మాట్లాడే వోలోఫ్ భాషలో తీశాడు. నాకైతే ఆయన సినిమాల్లో ఇదే ఎక్కువ ఇష్టం. పారిస్ నుంచి 25,000 ఫ్రాంకుల మనియార్డర్ వస్తుంది, తీసుకోవాలంటే గుర్తింపు కార్డు కావాలి, కార్డుకు పుట్టిన సర్టిఫికెట్ కావాలి, ఏ తేదీన పుట్టాడో కథానాయకుడు ఇబ్రహీమాకే తెలియదు. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ కథ విడమరచి చెప్పే పని లేదు.

'జాలా', 'సెడ్డో' తర్వాతైనా చూడొచ్చు. 1988 నాటి 'తియారోయ్ శిబిరం' మాత్రం వదలొద్దు. ఫ్రాన్స్ కోసం పోరాడి జర్మన్ల చెరలో మగ్గి తిరిగొచ్చిన ఆఫ్రికన్ సైనికులు తమకు రావాల్సిన బకాయి జీతం అడిగితే, 1944 డిసెంబర్ 1 తెల్లవారుజామున డాకర్ దగ్గరి తియారోయ్‌లో ఫ్రెంచి సైన్యమే వాళ్లను కాల్చింది. సినిమా రెండున్నర గంటలు, మధ్యలో టీ పెట్టుకోండి.

ఆఖరి సినిమా 'మూలాదె' 2004లో వచ్చింది, ఆడపిల్లలకు చేసే సున్తీ మీద. దాన్ని పెద్దవాళ్లు మాత్రమే ఉన్నప్పుడు వేయండి, ఆడవాళ్లను ముందు మాట్లాడనివ్వండి.