పదో తరగతి పిల్లకి పెళ్లి కుదిరిందని తెలిస్తే ఏం చేయాలి

కనిగిరి, పొదిలి వైపు పదో తరగతి పరీక్షలు అయ్యాయంటే చాలు, ఎవరో ఒక పిల్లకి తాంబూలాలు మార్చుకున్నారన్న కబురు వినపడుతుంది. అమ్మానాన్నలు బేల్దారి పనికి హైదరాబాదో బెంగుళూరో పోవాలి, ఎదిగిన పిల్లని ముసలామె దగ్గర వదిలిపోవాలంటే వాళ్లకి టెన్షన్. ఆ భయం నిజమే. అందుకే వెళ్లగానే "జైల్లో వేయిస్తా" అనకండి, రాత్రికి రాత్రి ఏ గుళ్లోనో తాళి కట్టించేస్తారు.

ముందు పిల్లని ఎక్కడ పెట్టాలో చూపించండి. చాలా కస్తూర్బా విద్యాలయాల్లో ఇంటర్ కూడా ఉంది, హాస్టలూ తిండీ ఉచితం. తర్వాత నాయనమ్మని పక్కన కూర్చోబెట్టుకుని కాన్పు సంగతి ఎత్తండి, ఇంట్లో ఆమె మాటే చెల్లుతుంది. పదహారేళ్లకి నడుం ఎముకలు ఇంకా పూర్తిగా ఎదగవు, బిడ్డ అడ్డం తిరక్కపోయినా కాన్పు కష్టమవుతుంది, అసలే రక్తం తక్కువున్న పిల్లకి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే తల్లీబిడ్డా ఇద్దరికీ ప్రాణం మీదికొస్తుంది, బతికినా బిడ్డ తక్కువ బరువుతో పుట్టొచ్చు. ఇవన్నీ మీరు చెబితే వినకపోవచ్చు, ఊళ్లో నర్సమ్మని (ఏఎన్ఎం) వెంటబెట్టుకెళ్లండి.

అయినా వినలేదా, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. మీ పేరు బయటికి చెప్పరు. పిల్ల పేరు, ఊరు, చదివిన స్కూలు, ముహూర్తం తేదీ, పెళ్లి జరిగే చోటు చెబితే చాలు. ఇంకా పదిరోజులుంది కదా అని ఆగొద్దు, పందిట్లోకి పోలీసులొస్తే ఊళ్లో తలవంపులు పిల్లకే. ఆధార్‌లో పద్దెనిమిది నిండాయని చూపిస్తారు, స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టిన తేదీ చూడమని గట్టిగా అడగండి.

2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం, ముహూర్తానికి ముందే పెళ్లి ఆపమని మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వొచ్చు, అర్జెంటైతే నోటీసు కూడా లేకుండా. దాన్ని కాదని చేస్తే ఆ పెళ్లి అసలు చెల్లదు. చేయించిన పెద్దలకి, పురోహితుడికి రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడొచ్చు.

పెళ్లి ఆపాక, "ఇప్పుడే పెళ్లి చెయ్యం" అని తల్లిదండ్రులు కాగితం మీద సంతకం పెట్టారని నిశ్చింతగా ఉండకండి. పక్క జిల్లాలో చుట్టాలింటికి తీసుకెళ్లి కానిచ్చేవాళ్లున్నారు. పిల్ల కాలేజీలో చేరిందా లేదా అని అంగన్వాడీ టీచర్‌ని అడుగుతుండండి.

అప్పటికే పెళ్లయిపోయి ఉంటే? ఆ పిల్లకి ఇరవై నిండేలోపు జిల్లా కోర్టులో పెళ్లి రద్దు చేయమని అడగొచ్చు, భరణం కూడా అడగొచ్చు. బిడ్డ పుట్టినా ఆ బిడ్డని చట్టం సక్రమ సంతానంగానే చూస్తుంది, "రద్దు చేస్తే బిడ్డకి తండ్రి ఉండడు" అని బెదిరించేవాళ్లకి ఆ మాటే చెప్పండి.