పొగాకు కాడలో లిగ్నిన్ జన్యువులు మేలుకున్న చోటు పట్టుకోవడం ఎలా

ఒంగోల్లో డిగ్రీ పిల్లలకు ఇరవై ఏళ్ల పైబడి వృక్షశాస్త్రం చెబుతున్నాను. కాడను కట్టెలా గట్టిపరిచే పదార్థమైన లిగ్నిన్ పాఠానికి బోర్డు మీద బాణాలు గీయడం ఎప్పుడో మానేశా. జనవరి వస్తే టంగుటూరు వైపు పిల్లల్లో ఎవరికో ఒకరికి చెప్తాను, "అబ్బాయ్, తల తుంచని పొగాకు మొక్క ఒకటి పట్రా" అని. తల తుంచిందైతే కొసన లేత కణుపులు ఉండవు. మనకు కావాల్సింది అవే.

కొస నుంచి ఒకటి, నడిమి నుంచి ఒకటి, మొదలు నుంచి ఒకటి, అంగుళం ముక్కలు కోయండి. కొత్త బ్లేడు సగానికి విరిచి, నీళ్లలో తడిపి, ఒక్క లాగుతో పలచగా చెక్కాలి. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే అంతా నుజ్జవుతుంది. లేత ముక్క వంగిపోతుంటే క్యారెట్‌ని చీల్చి మధ్యలో బిగించండి. కాడ గుండ్రం మొత్తం అక్కర్లేదు, దోసకాయ చీలికలాంటి చిన్న ముక్క చాలు. కింద పేపరు పెడితే అక్షరం కనపడాలి, అదే కొలత.

95 శాతం ఆల్కహాలు 100 మి.లీ.లో 1 గ్రాము ఫ్లోరోగ్లూసినాల్ కలపండి. ముక్క మీద ఒక చుక్క, రెండు నిమిషాలు ఆగి గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క. లిగ్నిన్ ఉన్నచోట బీట్‌రూట్ రసం రంగు వస్తుంది. కవర్ స్లిప్ వేసి, అంచున కారిన ఆమ్లాన్ని అద్దుడు కాగితంతో పీల్చేయండి. ఒకసారి నేనే తొందరపడి తుడవకుండా పెట్టి, ఆవిరికి మైక్రోస్కోపు కటకం మసకబార్చుకున్నా. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, కిటికీ తెరిచి పెట్టుకోండి. అరగంటలో రంగు వెలిసిపోతుంది, అందాకా ఆగకుండా ఫోన్లో ఫోటో తీసుకోండి.

ఇక అసలు సంగతి, మైక్రోస్కోపులో చూసినదాన్ని చదవడం. ఎరుపు కనపడిందంటే ఆ చుట్టుపక్కల లిగ్నిన్ జన్యువులు పనిచేసినట్టు. కొస ముక్కలో ఎర్రచుక్కలు విడివిడిగా ఉంటాయి. అదే ముక్కను నిలువుగా చెక్కితే ఆ చుక్కలే స్ప్రింగుల్లా కనపడతాయి. కాడ ఇంకా సాగుతోంది కాబట్టి నీళ్లు మోసే గొట్టం, అంటే నాళం, గోడ కూడా సాగేటట్టు, చుట్టలు చుట్టలుగా మాత్రమే గట్టిపడింది. శాస్త్రవేత్తలు ప్రయోగాలకు ఎక్కువగా వాడే చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో ఈ మొదటి నాళాలకు మీట నొక్కేది వీఎన్‌డీ7 అనే జన్యువు, తర్వాత వచ్చే వెడల్పాటి నాళాలకు వీఎన్‌డీ6. నడిమి ముక్కలో చుక్కలు కలిసి వలయం అవుతాయి. మొదలు ముక్కలో ఆ వలయం మందమై, నాళాల మధ్య నార కణాలు కూడా ఎర్రబడతాయి. అరబిడాప్సిస్‌లో ఆ నార కణాల మీటలు ఎన్‌ఎస్‌టీ1, ఎన్‌ఎస్‌టీ3 జన్యువులు. రెండూ చెడగొడితే కాడ నిటారుగా నిలవలేదు. ఈ మీటల కింద మిబ్46, మిబ్83 అనే మేస్త్రీ జన్యువులు, వాళ్ల కింద లిగ్నిన్ పని మాత్రమే చూసే మిబ్58, మిబ్63. ఫినైల్అలనీన్ అనే అమైనో ఆమ్లాన్ని లిగ్నిన్ ఇటుకలుగా మలిచే ఎంజైముల జన్యువులను నేరుగా పనిలోకి దించేవాళ్లలో ఈ చివరి ఇద్దరూ ఉన్నారు. అంటే కొస నుంచి మొదలుకి దిగుతుంటే ఒకే మొక్కలో కాలం నడిచినట్టు చూస్తున్నాం.

ఒక జాగ్రత్త. ఎరుపు ముదిరింది కదా అని లిగ్నిన్ ఇన్ని గ్రాములని లెక్క కట్టకండి. ఈ రంగు పట్టుకునేది లిగ్నిన్‌లోని ఆల్డిహైడ్ కొసలను. 1994లో పొగాకులోనే, లిగ్నిన్ ఇటుకల తయారీలో పనిచేసే సీఏడీ అనే ఎంజైమును తగ్గించి చూశారు. లిగ్నిన్ మొత్తం పెద్దగా తగ్గలేదు గానీ దాని తీరు మారింది, ఏ రంగూ వేయకుండానే లోపలి కట్టె ఎర్రటి గోధుమరంగుకి తిరిగింది.

జొన్నలో బీఎంఆర్6 రకం చేసేదీ అదే. సీఏడీ జన్యువు చెడిపోయి ఆకు నడిమి ఈనె గోధుమరంగులో ఉంటుంది, చొప్ప పశువులకు బాగా అరుగుతుంది. మా అత్తయ్యగారి గేదె మామూలు చొప్పలో మొదళ్లన్నీ వదిలేసి లేసిపోయేది, ఆవిడ దాన్ని పొగరని తిట్టేవారు. ఆ మొదలు ముక్క ఒకటి తెచ్చి పొగాకు పక్కన పెట్టి రంగు వేయండి. ఎరుపు వలయంలా రాదు, పై పెచ్చు పొడవునా దట్టంగా, లోపల ప్రతి నాళాల కట్ట చుట్టూ టోపీ పెట్టినట్టు వస్తుంది.