ఉగాది సభ్యత్వాలకు వెబ్‌సైట్ తెరిచే ముందు

ఒడిశాలోని బరంపురంలో మా తెలుగు సంఘానికి ఫిబ్రవరి వచ్చిందంటే ఊపిరాడదు. పాతవాళ్ల రెన్యువల్, కొత్తవాళ్ల చేరిక, ఉగాది పాసులు అన్నీ ఒకేసారి మీద పడతాయి. మీరూ రసీదు పుస్తకం పక్కన పెట్టి వెబ్‌సైట్‌లో సభ్యత్వాలు పెట్టాలనుకుంటే నెల ముందే పని మొదలుపెట్టండి. రద్దీ మొదలయ్యాక ఫారంలో ఒక్క గడి కూడా మార్చొద్దు. మాది వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు తయారుచేసి నడిపే సాఫ్ట్‌వేర్) సైటు కాబట్టి దాని లెక్కనే చెబుతున్నాను.

ముందు సెట్టింగ్స్‌లో జనరల్ పేజీ తెరవండి. ఎవరైనా రిజిస్టర్ కావచ్చు అనే టిక్కు దగ్గరే కొత్తగా చేరేవాళ్లకు ఏ రోల్, అంటే ఏ స్థాయి హక్కులు, ఇవ్వాలో ఉంటుంది. అది సబ్‌స్క్రైబర్ (అన్నిటికంటే తక్కువ హక్కులున్న మామూలు సభ్యుడు) అనే ఉండాలి. పొరపాటున అక్కడ అడ్మినిస్ట్రేటర్ అని ఉంటే, చేరిన ప్రతివాడి చేతికీ ఇంటి తాళాలు ఇచ్చినట్టే. సెట్టింగ్ సరిగ్గా ఉన్నా ప్లగిన్ (సైటుకు అదనపు సౌకర్యాల కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) పాతదైతే ప్రమాదం తప్పదు. 2023లో అల్టిమేట్ మెంబర్ అనే ప్లగిన్‌లో బయటపడ్డ లోపం అలాంటిదే. రిజిస్ట్రేషన్ ఫారంలోంచే బయటివాళ్లు అడ్మిన్ హక్కులు తెచ్చుకోగలిగారు. అప్పటికి రెండు లక్షలకు పైగా సైట్లలో ఆ ప్లగిన్ ఉంది. 2.6.7 వెర్షన్‌తో సరిచేశారు. అందుకే సభ్యత్వాలు తెరిచే ముందు ప్లగిన్లన్నీ అప్‌డేట్ చేయండి. దానికంటే ముందు ఫైళ్లకు, డేటాబేస్‌కు విడివిడిగా బ్యాకప్ తీసుకోండి.

ఇక మాకు జరిగింది చెబుతాను. మొదటి ఏడాది పెద్దవాళ్లు చాలామంది ఒక నెట్ సెంటర్‌కి వెళ్లి ఫారం నింపించుకున్నారు. వాళ్లకు ఈమెయిల్ లేదు. అక్కడి అబ్బాయి సాయం చేద్దామనే అనుకుని, ఒక్కొక్కరికీ తానే కొత్త మెయిల్ తెరిచి ఇచ్చాడు. పాస్‌వర్డ్‌లు తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. మరుసటి ఏడాది ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. "బాబూ, పాస్‌వర్డ్ మర్చిపోయానంటే మెయిల్ పంపామంటోంది. ఆ మెయిల్ ఎక్కడుందో నాకేం తెలుసు?" ఆ నెట్ సెంటర్ అప్పటికే మూసేశారు. నోటుపుస్తకం ఏమైందో ఎవరికీ తెలియదు. అలాంటి ఖాతాలన్నీ మనిషి మనిషికీ ఫోన్ చేసి కొత్తగా కట్టుకొచ్చాం. రెండు వారాలు పట్టింది.

అప్పటినుంచి మెయిల్ గడి కింద ఒక వాక్యం పెట్టాం: మీదిగానీ, మీ ఇంట్లో పిల్లలదిగానీ మెయిల్ ఇవ్వండి, బయటివాళ్లది వద్దు. వర్డ్‌ప్రెస్‌లో ఒక మెయిల్‌కి ఒక్క ఖాతానే కుదురుతుంది. అందుకని కుటుంబ సభ్యత్వం అని ఒక్క ఖాతా పెట్టి, అందులోనే ఇంట్లోవాళ్ల పేర్లు చేర్చుకునే వీలు కల్పించాం. మెయిల్ అసలు లేనివాళ్లకు సంఘం ఆఫీసులో కాగితం ఫారం ఇప్పటికీ ఉంది. అది తీసేయొద్దని నా మాట.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు పెడితే మనవాళ్లు ఇంటిపేరు ఎందులో రాయాలో తెలియక తికమక పడతారు. ఇంటిపేరు, పేరు అని తెలుగులోనే అడగండి. యూజర్‌నేమ్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి, తెలుగులో కొడితే వర్డ్‌ప్రెస్ ఒప్పుకోదు. ఆ మాట గడి పక్కనే రాయండి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో చదివింది ఒడియా, ఇంగ్లీషు. చాలామందికి తెలుగు అక్షరాలు రావు. కాబట్టి ప్రతి గడికీ ఒడియాలో కూడా పేరు పెట్టండి. జిల్లా గడిని రాసుకోవడానికి ఖాళీగా వదలకండి. గంజాం నుంచి గజపతి, కొరాపుట్ నుంచి రాయగడ జిల్లాలు 1992 అక్టోబర్ 2న విడిపోయి ఏర్పడ్డాయి. అయినా గజపతిలోని పర్లాకిమిడి పెద్దాయన అలవాటుగా గంజాం అనీ, రాయగడలోని గుణుపురం ఆయన కొరాపుట్ అనీ రాస్తారు. లిస్టులోంచి ఎంచుకోమనండి.

ఆధార్ నంబర్ అడగొద్దు. సంఘం సభ్యత్వానికి దానితో పనిలేదు, బయటికి పొక్కితే జవాబు చెప్పుకోలేం. 2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది, పిల్లల పోటీలకు పేర్లు తీసుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి. సభ్యులకే అని తాళం వేసిన పేజీలోని పీడీఎఫ్ లింకు తెలిస్తే, చాలా ప్లగిన్లలో ఎవరైనా నేరుగా తెరవగలరు. సభ్యుల జాబితాను అలా ఎక్కించకండి. క్యాషింగ్ ప్లగిన్ (సైటు వేగం కోసం పేజీల కాపీలు దాచి చూపించేది) ఉంటే ఖాతా పేజీలను దాన్నుంచి మినహాయించండి, లేకపోతే ఒకరి వివరాలు ఇంకొకరికి కనబడే ప్రమాదం ఉంది.

డబ్బు కట్టే దగ్గర, యూపీఐలో చెల్లించి వెంటనే బ్రౌజర్ మూసేసేవాళ్లు ఉంటారు. పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సేవ) నుంచి వచ్చే వెబ్‌హుక్, అంటే డబ్బు అందిందని అది మన సైటుకు నేరుగా పంపే కబురు, సరిగ్గా అమర్చకపోతే డబ్బు కట్ అవుతుంది, సభ్యత్వం రాదు. అదే పెద్ద టెన్షన్. అసలు డబ్బు కదలని టెస్ట్ మోడ్‌లో మీరే కావాలని మధ్యలో మూసి చూడండి.

చివరగా, ఫారం ఎలా ఉందో కమిటీవాళ్లను అడగకండి. అరవై దాటిన ఒకరిని పిలిచి, ఆయన సొంత ఫోన్ ఇచ్చి, మీరు పక్కన మాట్లాడకుండా కూర్చోండి. ఎక్కడ వేలు ఆగిపోతుందో అక్కడ రాసుకుని, ఆ రాత్రే సరిచేయండి.