పోత బుల్లెట్లకు ల్యూబ్, సైజింగ్: ప్రెస్ సరిచేసుకునే పద్ధతి

ల్యూబ్-సైజర్ అంటే సీసంతో పోసిన బుల్లెట్‌ని డై అనే ఉక్కు గొట్టంలోకి నెట్టి సరైన వ్యాసానికి తెస్తూ, దాని గాడిలో ల్యూబ్ (కందెన) నింపే ప్రెస్. దానితో వచ్చే తంటాల్లో చాలావాటికి మూలం ఒక్కటే. బుల్లెట్ డైలో ఎంత లోతుకు దిగాలో చూసుకోకుండానే ల్యూబ్ ఒత్తిడి పెంచేస్తారు. గాడి నిండలేదని, ల్యూబ్‌ని నెట్టే ర్యాచెట్‌ని ఇంకాస్త బిగిస్తారు. అప్పుడు ల్యూబ్ బుల్లెట్ అడుగున పేరుకుంటుంది, డై పైకి పొంగుతుంది, గాడి మాత్రం సగమే నిండుతుంది. ముందు డై, తర్వాత టాప్ పంచ్ (బుల్లెట్ ముక్కుని పైనుంచి నొక్కే ముక్క), ఆపైన లోతు, చివరికి ఒత్తిడి: ఈ వరస తప్పొద్దు.

ఇక్కడ చెప్పేది లైమన్ 4500, ఆర్‌సీబీఎస్ ల్యూబ్-ఎ-మ్యాటిక్ తరహా ప్రెస్‌ల గురించి. బుల్లెట్‌ని ముక్కు పైకి ఉండేలా డై మీద నిలబెట్టి హ్యాండిల్ లాగితే లోపలికి దిగుతుంది, ఎత్తితే పైకొస్తుంది. ఒకదాని డైలు, పంచ్‌లు రెండోదానికీ సరిపోతాయి. ఉదాహరణకి .38 స్పెషల్ రివాల్వర్‌కి పోసే 158 గ్రెయిన్ల బరువున్న సెమీ వాడ్‌కటర్ (ముక్కు చదునుగా ఉండే బుల్లెట్) తీసుకుందాం. దానికి ఒక ల్యూబ్ గాడి, దాని పైన క్రింప్ గాడి (కేసు అంచుని నొక్కి బిగించే గాడి) ఉంటాయి. అమెరికాలో రీలోడింగ్ (కాల్చిన కేసుల్ని మళ్లీ నింపి తూటాలు చేయడం) చేసే తెలుగువాళ్లకు ఇది పనికొస్తుంది. ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

డై సైజు పెట్టె మీద అంకె చూసి కొనేది కాదు. రివాల్వర్ ఖాళీగా ఉందని చూసుకుని, సిలిండర్ గొంతులో (తూటా గది ముందువైపు సన్నటి రంధ్రంలో) మెత్తటి సీసం ముక్కని దూర్చి తీసి మైక్రోమీటర్‌తో కొలవండి. వెర్నియర్ క్యాలిపర్‌ని ఈ పనికి నమ్మొద్దు. బుల్లెట్ ఆ గొంతులోంచి వేలితో నొక్కితే కొద్దిగా పట్టుగా జారాలి, బ్యారెల్ లోపలి మెలిక గాడుల వ్యాసం కంటే అంగుళంలో వెయ్యో వంతు పెద్దదిగా ఉండాలి. ఈ రివాల్వర్లలో చాలావాటికి .358 అంగుళాల డై సరిపోతుంది. పోసిన బుల్లెట్‌ని .003 అంగుళాల కంటే ఎక్కువ కుదించాల్సి వస్తే సైజర్‌తో కుస్తీ పట్టకుండా అచ్చు మార్చండి. నీళ్లలో వేసి గట్టిపరిచిన బుల్లెట్లయితే త్వరగా సైజ్ చేసేయండి. రోజులు గడిచేకొద్దీ సీసం గట్టిపడుతుంది, డైలోంచి బయటికొచ్చాక కాస్త ఉబ్బుతుంది కూడా. అందుకే మొదటి బుల్లెట్‌ని తప్పకుండా కొలవాలి.

టాప్ పంచ్ బుల్లెట్ ముక్కుకి అచ్చంగా అమరాలి. లేకపోతే ముక్కు నలుగుతుంది, బుల్లెట్ ఒరిగి ఒకవైపే చెక్కుకుపోతుంది. పంచ్‌ని పట్టి ఉంచే చిన్న స్క్రూని పూర్తిగా బిగించొద్దు. డైలో బుల్లెట్ పెట్టి, పంచ్ దానిమీద ఆనేదాకా హ్యాండిల్ దించితే అదే మధ్యకి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు బిగించండి, లేదా వెంట్రుకవాసి వదులుగానే ఉంచండి. సరైన పంచ్ దొరక్కపోతే, గుంట పెద్దగా ఉన్న వేరే పంచ్‌లో ఎపాక్సీ నింపి, మైనం పూసిన బుల్లెట్ ముక్కుని అందులో నొక్కి ఆరనివ్వండి.

ఇక లోతు. ర్యాచెట్ వదిలేసి ల్యూబ్ మీద ఒత్తిడి లేకుండా చూడండి. డై లోపలి గోడకి వరసలుగా సన్నటి రంధ్రాలుంటాయి. ల్యూబ్ గాడి వాటికి ఎదురుగా వచ్చి ఆగాలి. బుల్లెట్‌ని పైకీ కిందికీ కదిపే ర్యామ్ కింద ఉండే లోతు స్క్రూని ముందు బుల్లెట్ తక్కువ దిగేలా పెట్టి, కొద్దిపాటి ఒత్తిడి ఇచ్చి ఒక బుల్లెట్ నడపండి. గాడి పై అంచు ఖాళీగా ఉంటే అరచుట్టు లోతు పెంచండి, మళ్లీ చూడండి. ల్యూబ్ క్రింప్ గాడిలోకి ఎక్కిందంటే లోతు మించింది, వెనక్కి తిప్పండి. కుదిరాక లాక్ నట్ బిగించి, ఆ సెట్టింగ్‌ని పంచ్ నంబరుతో సహా రాసి పెట్టుకోండి. గాడి చుట్టూ ల్యూబ్ నునుపుగా నిండి, దానికి రెండువైపులా సీసం పట్టీలు శుభ్రంగా మెరుస్తుంటే లోతు కుదిరినట్టే. గాడికి దొరకని రంధ్రాల వరసలు మిగిలితే, వాటిలో సన్న సీసపు గుళ్లు కొట్టి మూసేస్తే అటు ల్యూబ్ కారదు.

ఒత్తిడికి ర్యాచెట్‌ని రెండు మూడు బుల్లెట్లకోసారి పావుచుట్టు తిప్పితే చాలు. సగం తేనెమైనం, సగం ఆలాక్స్ అనే జిగట కందెన కలిపిన మెత్తటి ల్యూబ్‌కి హీటర్ అక్కర్లేదు. గట్టి ల్యూబ్‌కి మాత్రం కావాలి. వేడి కొద్దికొద్దిగా పెంచండి. ల్యూబ్ కరిగి నీళ్లలా అయితే ప్రతి సందులోంచీ కారుతుంది. కొత్త ల్యూబ్ కడ్డీ వేశాక మొదటి కొన్ని బుల్లెట్లకు గాడి అక్కడక్కడ ఖాళీగా వస్తే అది లోపల చిక్కిన గాలి. అది పోయేదాకా సెట్టింగ్ ముట్టుకోవద్దు.

అడుగున ల్యూబ్ వస్తుంటే ఒత్తిడి తగ్గించండి. హ్యాండిల్‌ని కింద ఎక్కువసేపు పట్టి ఉంచొద్దు. అడుగు అంచు వాలుగా ఉండే బెవెల్ బేస్ బుల్లెట్లతో ఈ బెడద ఎక్కువ, ఎందుకంటే ఆ వాలు చుట్టూ ల్యూబ్‌కి చోటు దొరుకుతుంది. దాన్ని తుడవకుండా వదిలితే మందుగుండుకి అంటుతుంది. ముక్కు మీద మిగిలింది సీటింగ్ డైలో (బుల్లెట్‌ని కేసులో కూర్చోబెట్టే డైలో) పేరుకుని, ఒక్కో తూటాలో బుల్లెట్‌ని మరీ లోపలికి నెడుతుంది. అలా లోపలికి పోతే కాల్చినప్పుడు తూటా గదిలో ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి ప్రతి బుల్లెట్ ముక్కునీ అడుగునీ తుడవాల్సిందే. డై పక్కనుంచి కారితే పై నట్ వదులైందో, ఓ-రింగ్ అరిగిందో చూడండి.

ప్రెస్ దగ్గర తినొద్దు, తాగొద్దు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని, సీసం అంటిన గుడ్డల్ని ఇంటి బట్టలతో కలపకుండా విడిగా ఉంచండి.